ఎంతలో ఎంత: ద్రావణాన్ని, గాఢతను అర్థం చేసుకునే తీరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ప్రధానంగా నాలుగు పదార్థాలు ఉంటాయి. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. అన్నీ కలిపి 20.5 గ్రాములు. లీటరు నీళ్లలో కలపాలని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. అయినా విరేచనాలతో నీరసించిన పిల్లవాడికి ప్యాకెట్ మొత్తాన్ని ఒక్క గ్లాసు నీళ్లలో కలిపి పట్టించేవాళ్లున్నారు. పొడి అదే, మందు అదే, కడుపులోకి వెళ్లేదీ అంతే, నీళ్లు తర్వాత తాగిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

సరిపోదు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. లీటరు నీళ్లలో కలిపితే సోడియం లీటరుకు 75 మిల్లీమోళ్లు (మిల్లీమోల్ అంటే కణాల సంఖ్యను చెప్పే కొలత, దాని లెక్క తర్వాత చూద్దాం). 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే దానికి అయిదు రెట్లు, అంటే 375. మనిషి రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్లు ఉంటుంది. సముద్రపు నీటిలో సుమారు 470. అంటే గ్లాసులో కలిపిన ఓఆర్‌ఎస్ రక్తం కంటే సముద్రానికే దగ్గరగా ఉంటుంది. అంత చిక్కటి ద్రావణం పేగులోకి చేరితే ఒంట్లో మిగిలిన నీరు కూడా పేగులోకే లాగబడుతుంది. విరేచనం పెరుగుతుంది, రక్తంలో సోడియం ప్రమాదకరమైన స్థాయికి చేరవచ్చు. లోపలికి వెళ్లిన ఉప్పు ఎన్ని గ్రాములన్నది పేగు గోడకు తెలియదు. తనను తాకుతున్న నీటిలో ఉప్పు ఏ నిష్పత్తిలో ఉందన్నదే దానికి తెలుస్తుంది.

పొడిగా ఉన్నంతసేపు ప్యాకెట్‌కు బరువే తప్ప గాఢత లేదు. ఎంత నీటిలో పడిందో తేలాకే గాఢత వస్తుంది. ద్రావణాల పాఠంలో ఎప్పుడూ మూడు సంఖ్యలు తిరుగుతుంటాయి. కరిగిన పదార్థం ఎంత, ద్రావణం మొత్తం ఎంత, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే గాఢత ఎంత. ఏ రెండు తెలిసినా మూడోది వస్తుంది. భాగహారం చిన్న తరగతి పిల్లలకూ వచ్చు కాబట్టి చిక్కు అక్కడ లేదు. ద్రావణానికి ఏదో ఒకటి చేశాం: నీళ్లు పోశాం, మరిగించాం, ఒక చెంచా తీశాం, ఇంకో ద్రావణం కలిపాం. అప్పుడు ఈ మూడింట్లో కదలకుండా నిలిచింది ఏది? ఈ ప్రశ్న వేసుకోకుండా సూత్రంలోకి దిగడం వల్లే మొలారిటీని కంఠతా పట్టినవాళ్లు కూడా లెక్క తప్పుతారు. ఈ అధ్యాయంలో సూత్రాల కంటే ముందు నేర్పవలసింది ఈ ప్రశ్ననే.

ఏ చెంచా తీసినా ఒకటే

ద్రావణం అంటే సజాతీయ మిశ్రమం అని పుస్తకం చెబుతుంది. ఆ వాక్యం రాస్తే మార్కు వస్తుంది. అయితే ఆ షరతు లేకపోతే గాఢత అనే భావనే నిలబడదన్న సంగతి చాలాసార్లు చెప్పకుండానే పాఠం ముందుకు వెళ్లిపోతుంది. గిన్నెలో పైనుంచి తీసినా, అడుగునుంచి తీసినా నిష్పత్తి ఒకటే ఉంటేనే ‘ఈ ద్రావణం గాఢత ఇంత’ అనే మాటకు అర్థం. ఉప్పు నీటిలో కరిగినప్పుడు సోడియం, క్లోరైడ్ అయాన్లు విడిపోతాయి, ఒక్కోదాని చుట్టూ నీటి అణువులు మూగుతాయి. అవి నిరంతరం కదులుతూ ద్రావణమంతా సమంగా పరుచుకుంటాయి. ఎన్నాళ్లు కదపకుండా ఉంచినా అడుగున పేరుకోవు, వడపోత కాగితానికి చిక్కవు. లీటరు ఓఆర్‌ఎస్ నుంచి 5 మిల్లీలీటర్ల చెంచా ఒకటి తీస్తే, చెంచాలోని సోడియం మొత్తంలో 200వ వంతే. గాఢత మాత్రం అదే 75. ఇక్కడ కదలకుండా నిలిచింది గాఢత. మిగతా రెండూ మారాయి.

సజాతీయం కానిదాన్ని పట్టుకుంటే ఈ విషయం ఇంకా బాగా తెలుస్తుంది. పిల్లల జ్వరానికి వాడే పారాసిటమాల్ సీసా మీద ‘వాడే ముందు బాగా కుదపండి’ అని ఉంటుంది. పారాసిటమాల్ నీటిలో ఎక్కువగా కరగదు, అందుకే చాలా సీసాల్లో ఉండేది ద్రావణం కాదు, మందు పొడి ద్రవంలో తేలాడే అవలంబనం. కదపకుండా ఉంచితే పొడి మెల్లగా కిందికి దిగుతుంది. ‘5 మి.లీ.లో 250 మి.గ్రా.’ అని చీటీ మీద ఉన్నది కుదిపిన తర్వాతే నిజం. కుదపకపోతే సీసా మొదట్లో పలచటి మందు, చివర్లో చిక్కటి మందు పడుతుంది.

ఇదే మందులో ఇంకో సంగతి కూడా ఉంది. సిరప్ రకాల్లో 5 మిల్లీలీటర్లకు 120, 125 లేదా 250 మిల్లీగ్రాములు ఉంటుంది. నెలల పిల్లలకు చుక్కలుగా వేసే మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. పసిపిల్లల మందు కాబట్టి పలచగా ఉంటుందని అనుకుంటాం, కానీ ఉన్నది అందుకు పూర్తిగా తిరగబడి. పసివాళ్లు ఎక్కువ ద్రవం మింగలేరు కాబట్టి కొద్ది చుక్కల్లోనే మందు ఇమడాలి, అందుకే గాఢత పెంచారు. ఆ చుక్కల మందును సిరప్ అనుకుని ఒక చెంచా పడితే 500 మిల్లీగ్రాములు, అంటే పెద్దవాళ్లు వేసుకునే ఒక మాత్ర అంత మందు, పసిబిడ్డ కడుపులోకి వెళుతుంది. చీటీ మీద మిల్లీగ్రాముల అంకె ఒక్కటే చూడటం చాలదు. అది ఎన్ని మిల్లీలీటర్లలో ఉన్నదో కూడా చూడాలి.

గ్రాముల్లో ఒక చిత్రం, మోళ్లలో ఇంకో చిత్రం

గాఢతను చాలా రకాలుగా చెప్పవచ్చు. లీటరుకు ఇన్ని గ్రాములు, ఇంత శాతం, ఇన్ని పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు), ఇన్ని మోళ్లు. ఇన్ని ఎందుకు, గ్రాములు చాలవా అని విద్యార్థి అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి మంచి జవాబు మళ్లీ ఓఆర్‌ఎస్‌లోనే దొరుకుతుంది.

గ్రాముల్లో చూస్తే ఆ పొడిలో గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6. గ్లూకోజే అయిదు రెట్లు. తీపి నీళ్లలో చిటికెడు ఉప్పు వేసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు మోళ్లలోకి మారుద్దాం. ఒక మోల్ అంటే 6.022 × 10²³ కణాలు. గ్లూకోజ్ అణుభారం 180, కాబట్టి 13.5 గ్రాములంటే 0.075 మోల్, అంటే 75 మిల్లీమోళ్లు. ఉప్పు ఫార్ములా భారం 58.5, కాబట్టి 2.6 గ్రాములంటే 44 మిల్లీమోళ్ల సోడియం. ట్రైసోడియం సిట్రేట్ భారం దానిలోని నీటితో కలిపి 294, 2.9 గ్రాములంటే దాదాపు 10 మిల్లీమోళ్లు. పేరే చెబుతున్నట్టు ఒక్కోదానిలో మూడు సోడియంలు, కాబట్టి ఇంకో 30. రెండూ కలిపితే 74, సర్దితే 75. గ్రాముల్లో అయిదు రెట్ల తేడా కనిపించిన చోట కణాల లెక్కలో గ్లూకోజ్, సోడియం సరిసమానం.

ఈ సమానత్వం కావాలని పెట్టినదే. చిన్నపేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజ్‌నూ జంటగా లోపలికి చేరవేసే ప్రోటీన్ ఒకటి ఉంది. ఈ జంట రవాణాను జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో ప్రతిపాదించాడు. గ్లూకోజ్ తోడుంటే సోడియం లోపలికి వెళుతుంది, సోడియం వెంట నీరు వెళుతుంది. కలరా విషం పేగును ఎంత దెబ్బతీసినా ఈ దారి మాత్రం తెరిచే ఉంటుంది. ఇక్కడ లెక్కకు వచ్చేది కణాల సంఖ్య. ఒక్కో అణువు ఎంత బరువుందో ఆ ప్రోటీన్‌కు పట్టదు. రసాయన చర్యలన్నీ ఇలాగే కణానికి కణం చొప్పున జరుగుతాయి కాబట్టి రసాయన శాస్త్రానికి మోల్ కావలసి వచ్చింది. మొలారిటీ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోళ్లు అన్న లెక్క, అంతే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు చాలని పరిస్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపి నోటి ద్వారా తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాల రేటు 4 శాతంలోపుకు పడిపోయింది. ఆ తర్వాత చాలాకాలం నడిచిన ప్రామాణిక సూత్రంలో సోడియం 90, గ్లూకోజ్ 111 మిల్లీమోళ్లు. కరిగిన కణాలన్నీ కలిపితే లీటరుకు 311. రక్తంలో ఈ మొత్తం సుమారు 290. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 245కు తగ్గించింది: సోడియం 75, గ్లూకోజ్ 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, సిట్రేట్ 10. ద్రావణం రక్తం కంటే కొంచెం పలచగా ఉంటే నీరు పేగునుంచి ఒంట్లోకి ఇంకా తేలిగ్గా వెళుతుందని, విరేచనం, వాంతులు తగ్గుతాయని పరీక్షల్లో తేలడమే కారణం. పదార్థాల్లో పెద్ద మార్పు లేదు, మారినదల్లా గాఢత.

ఇదే కారణంగా తీపి పానీయాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. మామూలు కూల్‌డ్రింకులో లీటరుకు 100 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఓఆర్‌ఎస్‌లోని 13.5 గ్రాములకు అది ఏడు రెట్లకు పైనే. అంత చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది. చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలను ఓఆర్‌ఎస్ పేరు తగిలించి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, నిర్దేశిత సూత్రం పాటించని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. గాఢత అన్న పాఠం తెలిసిన ఒక డాక్టర్ వల్ల దేశమంతటా సీసాల మీద పేర్లు మారాయి. ఈ అధ్యాయం చదివే పిల్లలకు చెప్పదగిన సంగతి ఇది.

గీత దాకా నీళ్లు

సగం మోలార్ (లీటరుకు అర మోల్) ఉప్పు ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలి. కావలసిన మోళ్లు 0.5 × 0.25 = 0.125. ఉప్పు 7.31 గ్రాములు. ఇక్కడిదాకా అందరికీ వస్తుంది. తర్వాత చాలామంది 250 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి అందులో ఉప్పు వేస్తారు. మొలారిటీ భాగహారంలో కింద ఉన్నది నీరు కాదు, ద్రావణం. ఉప్పు కూడా కొంత చోటు తీసుకుంటుంది. పలచటి ద్రావణంలో ఈ తేడా చిన్నది, అందుకే ఇంట్లో ఓఆర్‌ఎస్‌ను లీటరు నీళ్లలో కలిపినా ఇబ్బంది లేదు. చిక్కటి ద్రావణంలో మాత్రం తేడా దాచలేం. లీటరు నీళ్లలో కిలో చక్కెర కరిగిస్తే వచ్చేది లీటరు కాదు, లీటరున్నర పైచిలుకు.

అందుకే ప్రయోగశాలలో ఉప్పును ముందు చిన్న బీకరులో కొద్ది నీటిలో కరిగిస్తారు. ఆ ద్రావణాన్ని గరాటు ద్వారా, మెడ మీద ఒకే గీత ఉన్న వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో పోస్తారు. బీకరును స్వేదనజలంతో రెండు మూడుసార్లు కడిగి ఆ కడుగునీళ్లనూ ఫ్లాస్కులోనే పోస్తారు. తూచిన 7.31 గ్రాములూ ఫ్లాస్కులోకి చేరాలి కదా. చివరికి నీటి వంపు అడుగు గీతను తాకేదాకా చుక్క చుక్కగా నీళ్లు పోసి, మూత పెట్టి తలకిందులు చేసి కలుపుతారు. ఇక్కడ పదార్థమూ కదలదు, గీత వల్ల ఘనపరిమాణమూ కదలదు. కాబట్టి గాఢత ఖాయం.

టైట్రేషన్ (తెలిసిన గాఢత ఉన్న ద్రావణంతో తెలియని గాఢతను కనుక్కోవడం) చేసేటప్పుడు, ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే బ్యూరెట్‌నూ, ఒకే కొలతలో ద్రావణాన్ని తీసే పిపెట్‌నూ ముందు నీటితో కడిగి, తర్వాత అందులో పోయబోయే ద్రావణంతోనే కడగాలంటారు. కోనికల్ ఫ్లాస్కును మాత్రం స్వేదనజలంతోనే కడగాలి, ద్రావణంతో కడగకూడదు. ప్రాక్టికల్స్ వైవాలో పిల్లలు తడబడే ప్రశ్నల్లో ఇదొకటి. కదలకూడనిది ఏది అని చూస్తే జవాబు దానంతటదే వస్తుంది. బ్యూరెట్‌లో నిలవాల్సింది గాఢత. గోడలకు నీటి చుక్కలు మిగిలితే ద్రావణం పలచబడుతుంది, బ్యూరెట్ రీడింగ్‌తో వేసే లెక్కంతా తప్పుతుంది. కోనికల్ ఫ్లాస్కులో నిలవాల్సింది మోళ్ల సంఖ్య. పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు పోశాక అందులో ఎన్ని మోళ్లున్నాయో తేలిపోయింది. అడుగున కొంచెం నీరున్నా ఆ మోళ్లు తగ్గవు. ద్రావణంతో కడిగితేనే గోడలకు అంటుకున్న మోళ్లు అదనంగా చేరి లెక్క చెడుతుంది.

నీళ్లు పోసి పలచన చేయడం ఇంకా తేలిక. నీళ్లు పోస్తే కరిగిన పదార్థం మారదు. కాబట్టి ముందరి గాఢతను ముందరి ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేదీ, తర్వాతి గాఢతను తర్వాతి ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేదీ సమానం. పుస్తకంలో ప్రత్యేక సూత్రంగా కనిపించేది ఇదే, విడిగా గుర్తుపెట్టుకోనక్కరలేదు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద సాధారణంగా శాతం, సాంద్రత ఇస్తారు. 37 శాతం, సాంద్రత 1.19 అనుకుంటే లీటరు ఆమ్లం 1190 గ్రాములు, అందులో 37 శాతం అంటే 440 గ్రాములు. 36.5తో భాగిస్తే 12 మోలార్. దాంతో 0.1 మోలార్ ద్రావణం లీటరు చేయాలంటే 8.3 మిల్లీలీటర్లు చాలు. ఫ్లాస్కులో ముందు నీళ్లు ఉండాలి, ఆమ్లం తర్వాత పోయాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం విషయంలో ఈ వరుస తప్పితే వేడికి మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

రెండు ద్రావణాలు కలిపినప్పుడు పిల్లలు సగటు తీయబోతారు. 2 మోలార్ ద్రావణం 100 మిల్లీలీటర్లు, 1 మోలార్ ద్రావణం 300 మిల్లీలీటర్లు కలిపితే 1.5 అని రాస్తారు. కూడదగినవి మోళ్లు మాత్రమే, గాఢతలు కూడకూడదు. 0.2 మోల్, 0.3 మోల్ కలిపి 0.5 మోల్, 400 మిల్లీలీటర్లలో. జవాబు 1.25 మోలార్.

ఉష్ణోగ్రత పెరిగితే ద్రవం వ్యాకోచిస్తుంది, మొలారిటీ కొద్దిగా తగ్గుతుంది. మరుగు స్థానం, ఘనీభవన స్థానం లాంటి లెక్కల్లో అది ఇబ్బంది కాబట్టి కిలో ద్రావణికి (కరిగించుకునే ద్రవానికి) ఇన్ని మోళ్లు అనే మొలాలిటీని వాడతారు. బరువు వేడికి మారదు.

చిక్కన, సంతృప్తం, బలం

ఈ మూడూ వేర్వేరు సంగతులు. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. 40 గ్రాములు వేస్తే 4 గ్రాములు అడుగున మిగులుతుంది. ఇంకా ఉప్పు వేసినా గాఢత పెరగదు, కొంత నీరు ఆవిరైనా పెరగదు, ఆ మేరకు ఉప్పు బయటపడుతుంది. ఇలా ఇంకేమీ కరగని సంతృప్త ద్రావణంలో ఉష్ణోగ్రత మారనంతవరకు కదలనిది గాఢతే. శ్రీకాకుళం జిల్లా నౌపడలో, బాపట్ల జిల్లా చిన్నగంజాంలో ఉప్పు మడులు దీని మీదే నడుస్తాయి. నూటికి మూడున్నర పాళ్లు లవణాలున్న సముద్రపు నీరు ఎండకు ఆవిరై దాదాపు పదో వంతుకు తగ్గాక ఉప్పు గింజ కట్టడం మొదలవుతుంది. తక్కువ కరిగే జిప్సం అంతకు ముందే దిగిపోతుంది. ఎక్కువ కరిగే మెగ్నీషియం లవణాలు చివరిదాకా నీటిలోనే ఉంటాయి. ఆ చేదు నీటిని సమయానికి బయటికి వదిలేయకపోతే ఉప్పూ చేదెక్కుతుంది.

సంతృప్తమైనంత మాత్రాన చిక్కగా ఉండాలని లేదు. సున్నపు తేట సంతృప్త ద్రావణమే, కానీ లీటరులో కరిగిన సున్నం రెండు గ్రాములు కూడా ఉండదు. మరోవైపు 100 గ్రాముల నీటిలో 100 గ్రాముల చక్కెర కరిగిస్తే చాలా చిక్కటి ద్రావణం వస్తుంది, అయినా అది అసంతృప్తమే. దాదాపు ఇంకో వంద గ్రాములు కరగడానికి అందులో చోటుంది.

బలం సంగతి వేరు. అది కరిగిన అణువుల్లో ఎన్ని అయాన్లుగా విడిపోతాయన్న దాని మీద ఉంటుంది. వంటింటి వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 0.8 మోలార్, కానీ వెయ్యి అణువుల్లో విడిపోయేవి అయిదు. 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢతలో దానికి ఎనభయ్యో వంతు, అయినా దాదాపు ప్రతి అణువూ విడిపోతుంది కాబట్టి దాని ఆమ్లత్వమే ఎక్కువ. పలచటి బలమైన ఆమ్లమూ, చిక్కటి బలహీన ఆమ్లమూ రెండూ ఉంటాయి. ‘గాఢ ఆమ్లం’ అంటే ‘బలమైన ఆమ్లం’ అని రాసే అలవాటును మొదట్లోనే మాన్పించాలి.

మరిగిస్తే తగ్గనిది

అరిసెలకు పాకం పట్టేటప్పుడు బెల్లం ఎంత వేశారో అంతే ఉంటుంది, నీరు మాత్రం పోతూ ఉంటుంది. పాకాన్ని చుక్క నీటిలో వేసి ఉండ కడుతుందో లేదో చూడటమంటే గాఢతను కొలవడమే. చక్కెర పాకం తీగ సాగే దశలో నూటికి 80 పాళ్లు చక్కెర ఉంటుంది, అప్పటికి మరుగు వేడి 110 డిగ్రీలు దాటి ఉంటుంది. గాఢత పెరిగేకొద్దీ మరుగు స్థానం పెరుగుతుంది కాబట్టి థర్మామీటరుతోనూ పాకం ముదురును చెప్పవచ్చు.

పాకంలో కావాలని చేసే ఈ పని తాగునీటిలో తెలియక జరిగితే నష్టం. 1937లో, ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో, ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బును గుర్తించి నమోదు చేశారు. తర్వాతి దశాబ్దాల్లో నల్గొండ జిల్లా పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. అక్కడి గ్రానైట్ శిలల్లోని ఫ్లోరిన్ ఖనిజాలు కొద్దికొద్దిగా భూగర్భ జలంలో కరుగుతాయి. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఆవిరి కాదు. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న మూడు లీటర్ల నీరు మరిగి రెండు లీటర్లయితే, ఉన్న 3 మిల్లీగ్రాములూ ఆ రెండు లీటర్లలోనే ఉంటాయి. లీటరుకు 1.5 అవుతుంది. పీపీఎంలో చెప్పినా అంతే, ఇంత పలచటి నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే దాదాపు ఒక పీపీఎం.

గాఢతను తగ్గించే దారులు రెండు. ఒకటి, తక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీటిని కలపడం. బోరు నీటిలో 4, నది నీటిలో 0.3 ఉందనుకుంటే, ఒక పాలు బోరు నీటికి మూడు పాళ్లు నది నీరు కలిపితే లీటరుకు 1.2 చిల్లర వస్తుంది. రెండోది, కరిగిన ఫ్లోరైడ్‌నే తీసేయడం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’ ఇదే. పటిక, సున్నం వేసి కలిపితే ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తునకలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి, పైన తేరిన నీటిని తీసుకుంటారు. మొదటి దారిలో ఫ్లోరైడ్ మొత్తం తగ్గదు, నీరు పెరుగుతుంది. రెండో దారిలో నీరు అంతే ఉంటుంది, ఫ్లోరైడ్ తగ్గుతుంది.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడే 1.5 దాకా అనుమతి. ఇవి రెండూ గాఢతలు. ఎముకలను దెబ్బతీసేది మాత్రం రోజుల తరబడి ఒంట్లో చేరే మొత్తం ఫ్లోరైడ్. 1.5 ఉన్న నీటిని చల్లటి చోట రెండు లీటర్లు తాగేవాడికి రోజుకు 3 మిల్లీగ్రాములు చేరితే, ఎండలో పొలం పని చేస్తూ నాలుగు లీటర్లు తాగే కూలీకి 6 చేరుతుంది. వంటలో, టీలో వచ్చేది దీనికి అదనం. ఒకే బోరు నీళ్లు, ఒకే గాఢత, ఇద్దరి ఒంట్లో చేరేది వేర్వేరు. వేడి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ హద్దును ఇంకా కింద ఉంచాలని నిపుణులు అనేది ఈ గుణకారం వల్లనే.